డైలాగ్ విండో మొండికేస్తే: ఎక్కడ ఏ రకం పెట్టాలి, ఏది ఎందుకు చెడుతుంది

మా బావకి బుచ్చిరెడ్డిపాళెంలో ధాన్యం కొట్టు ఉంది. కోతల టైములో కాటా మీదికి లారీ ఎక్కగానే బరువు చూసి, ఖాళీ బండి బరువు తీసేసి, తేమకి తరుగు పోగా మిగిలిన కిలోల్ని 850తో భాగించి పుట్లలో చీటీ రాసివ్వాలి. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు కదా, 12,750 కిలోలు వస్తే సరిగ్గా 15 పుట్లు. ఈ లెక్క గుమస్తా చేత్తో వేసేవాడు, అది చూసి నేనే పైథాన్‌లో టికింటర్‌తో (విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. రెండు వారాలు బాగా నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను: "ఏందిరా ఇది, ఏం నొక్కినా కదలటంలా, లారీ కాటా మీద ఉంది, వెనక ఇంకో మూడు నిలబడుండాయ్."

నేను నెల్లూరులో ఉన్నాను. ప్రోగ్రాం మూసి తెరవమన్నాను, తెరిచారు, కాసేపటికి మళ్లీ అంతే. మూడోసారి ఆల్ట్ ట్యాబ్ నొక్కమంటే వెనకనుంచి చిన్న విండో ఒకటి బయటపడింది: "తేమ 17 శాతం దాటింది, తరుగు ఎంత?" అది జవాబు కోసం ఎదురుచూస్తూ మెయిన్ విండో వెనక కూర్చుని ఉంది. గుమస్తా మధ్యలో వాట్సాప్ చూసుకుని, తిరిగి టాస్క్‌బార్‌లో మెయిన్ విండో మీద క్లిక్ చేసి వచ్చాడు, మెయిన్ విండో ముందుకొచ్చింది, డైలాగ్, అంటే ప్రశ్న అడిగే ఆ చిన్న విండో, వెనకే ఉండిపోయింది. జవాబు వచ్చేదాకా మెయిన్ విండోలో ఏదీ నొక్కనివ్వకూడదని నేనే రాశాను కాబట్టి స్క్రీన్ రాయిలా బిగుసుకుపోయింది.

సరిచేయడానికి ఒక్క లైను చాలింది, అది కింద చెప్తాను. కానీ ఆ రాత్రి కోడ్ మొత్తం ముందేసుకుని చూస్తే అసలు ఆ చోట ఆ రకం డైలాగ్ పెట్టాల్సిన పనే లేదు. తేమ రాసే గడి పక్కనే తరుగు గడి ఉంటే అయిపోయేది. అప్పటినుంచి డైలాగ్ సమస్య అని నా దగ్గరికి ఏది వచ్చినా ముందు ఎర్రర్ చూడను, ఆ పనికి ఆ రకం సరైనదేనా అని చూస్తాను. ఈ మనిషి ఇక్కడ ఆగి తీరాలా, ఆగితే ఎన్ని సంగతులు చెప్పాలి, ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే ఏ రకం పెట్టాలో దాదాపు తేలిపోతుంది. ఎక్కువగా టికింటర్ గురించే రాస్తున్నాను, మన దగ్గర మొదటి ప్రోగ్రాం రాసేవాళ్లు చాలామంది దాంతోనే మొదలుపెడతారు, పైథాన్‌తో పాటే వస్తుంది కాబట్టి.

అసలు డైలాగ్ వద్దనుకోవడం

దీన్నే మొదట చూడమంటాను. "చీటీ సేవ్ అయింది" అని ప్రతిసారీ ఒక పెట్టె తెరిచి ఓకే నొక్కించడం నేను కూడా చేశాను. రోజుకి ఎన్ని చీటీలు రాస్తే అన్నిసార్లు ఆ పెట్టె వస్తుంది, వారం తిరిగేసరికి గుమస్తా చెయ్యి చదవకుండానే ఎంటర్ కొట్టడం నేర్చుకుంటుంది. ఆ అలవాటుతోనే ఒకరోజు "ఈ చీటీ తీసెయ్యాలా?" అన్నదానికి కూడా ఎంటర్ కొట్టేశాడు, చీటీ పోయింది, రైతు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆ మనిషిని తప్పు పట్టలేం. పనికిరాని పెట్టెలు చూపించి చూపించి పనికొచ్చే పెట్టెని కూడా చదవకుండా చేసింది ప్రోగ్రామే.

అందుకని సమాచారం మాత్రమే చెప్పాలంటే విండో అడుగున ఒక లేబుల్ పెట్టి అందులో రాయండి, ఆఫ్టర్ అనే పద్ధతితో 4,000 మిల్లీసెకన్ల తర్వాత తుడిచేయండి. గడిలో తప్పు అంకె పడితే ఆ గడి రంగు మార్చి పక్కన ఒక ముక్క రాయండి. ఇక్కడ బిగుసుకుపోవడానికి ఏమీ లేదు, వెనక దాక్కోవడానికి విండోనే లేదు.

ముఖ్యంగా ఒక గడి వదిలి ఇంకో గడికి వెళ్లేటప్పుడు, అంటే ఫోకస్‌అవుట్ ఈవెంట్‌లో, మెసేజ్ పెట్టె తెరవకండి. పెట్టె తెరుచుకోవడం అంటేనే ఫోకస్ మళ్లీ మారడం, దాన్ని మూసి ఇంకో గడిలోకి వెళ్లబోతే దానికీ ఫోకస్ పోయిన ఈవెంట్ వస్తుంది. రెండు గడులకీ ఇలాంటి చెకింగ్ ఉంటే పెట్టె మీద పెట్టె వస్తూనే ఉంటుంది, చివరికి ప్రోగ్రాంని టాస్క్ మేనేజర్ నుంచి చంపాల్సి వస్తుంది. చెకింగ్ అంతా సేవ్ బటన్ నొక్కినప్పుడు ఒక్కసారే చెయ్యండి, లేదా గడి రంగుతో సరిపెట్టండి.

రెడీమేడ్ మెసేజ్‌బాక్స్

అవునా కాదా అని ఒక్క మాట అడగాలి, జవాబు రాకుండా ముందుకు పోకూడదు, అలాంటి చోట మెసేజ్‌బాక్స్‌ని మించింది లేదు. ఒక్క లైను. వెనక్కి పోకుండా ఉండటం, మెయిన్ విండోని ఆపడం, జవాబు తేవడం అన్నీ అదే చూసుకుంటుంది. అయినా దీని మీద నాకు వచ్చే ఫోన్లే ఎక్కువ, కారణాలు కూడా అవే నాలుగైదు.

ప్రోగ్రాం మొదలవగానే ఎవరూ నొక్కకుండానే పెట్టె వచ్చేస్తుంది, తర్వాత బటన్ నొక్కితే ఏమీ జరగదు. ఇది చూడగానే బటన్‌కి కమాండ్ ఇచ్చిన చోట ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు ఉన్నాయేమో చూడండి. బ్రాకెట్లు పెడితే ఫంక్షన్ అప్పుడే నడిచిపోతుంది, బటన్ చేతికి దాని ఫలితం, అంటే నన్ (విలువ ఏమీ లేదని పైథాన్ చెప్పే మాట), మిగులుతుంది. పేరు మాత్రమే ఇవ్వాలి. లోపలికి విలువ పంపాలంటే లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) వాడాలి.

టికింటర్ నుంచి స్టార్ పెట్టి అన్నీ ఇంపోర్ట్ చేసినా మెసేజ్‌బాక్స్ దొరకలేదని ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు, అది విడి మాడ్యూల్, స్టార్‌తో రాదు, ఫ్రం టికింటర్ ఇంపోర్ట్ మెసేజ్‌బాక్స్ అని విడిగా రాయాలి. ఫైల్‌డైలాగ్, సింపుల్‌డైలాగ్ కూడా అంతే.

ఇక నా మిత్రుడొకడు రెండు రోజులు కొట్టుకున్న సంగతి. "తీసెయ్యాలా?" అని అడిగితే నో నొక్కినా రికార్డు పోతోంది. వాడు వాడింది ఆస్క్‌క్వశ్చన్. అది ట్రూ, ఫాల్స్ ఇవ్వదు, యెస్, నో అనే అక్షరాల స్ట్రింగ్ ఇస్తుంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా పైథాన్ ఇఫ్‌లో నిజమే అవుతుంది, కాబట్టి నో కూడా అవుననే లెక్క. ఎర్రర్ ఉండదు, డేటా పోతుంది, అందుకే ఇది నాకు అన్నిటికంటే భయం. ఆస్క్‌యెస్‌నో వాడండి, అది ట్రూ లేదా ఫాల్స్ ఇస్తుంది. ఆస్క్‌యెస్‌నోక్యాన్సిల్ అయితే మూడోదిగా నన్ ఇస్తుంది. ఇఫ్ నాట్ అని రాస్తే నో, క్యాన్సిల్ రెండూ ఒకటైపోతాయి కాబట్టి అక్కడ ఈజ్ నన్ అని ముందు విడిగా చూసుకోవాలి. "సేవ్ చెయ్యకుండా మూసెయ్యాలా" లాంటి చోట ఈ తేడా చాలా పెద్దది.

తీసెయ్యడం లాంటి ప్రమాదకరమైన ప్రశ్నకి డిఫాల్ట్ అనే ఆర్గ్యుమెంట్‌లో నో ఇవ్వండి, అప్పుడు గుడ్డిగా ఎంటర్ కొట్టినా నష్టం ఉండదు. మా బావ కొట్లో చీటీ పోయాక నేను పెట్టిన మొదటి మార్పు ఇదే.

పేరెంట్ అనే ఆర్గ్యుమెంట్ మర్చిపోవద్దు. మీరు ఇంకో చిన్న విండోలోంచి మెసేజ్‌బాక్స్ పిలిచి పేరెంట్ ఇవ్వకపోతే అది మెయిన్ విండోనే తన పెద్ద అనుకుంటుంది, చిన్న విండో దాని మీద పడి కప్పేయొచ్చు. ఏ విండోలోంచి పిలుస్తున్నారో దాని పేరే ఇవ్వాలి. ఇక పాత పైథాన్ వెర్షన్లలో మెయిన్ విండో లేకుండా ఒట్టి మెసేజ్‌బాక్స్ మాత్రమే పిలిస్తే పక్కన బూడిదరంగు ఖాళీ విండో ఒకటి తెరుచుకునేది, కొత్తవాటిలో అది కనపడదు. అది టికింటర్ తనకోసం చేసుకున్న మెయిన్ విండో, టీకే (మెయిన్ విండోని తయారుచేసేది) పిలిచి వెంటనే విత్‌డ్రా అంటే దాక్కుంటుంది.

దీనిలో నాకు నచ్చనిది ఒకటే. ప్రశ్న తెలుగులో రాసుకోవచ్చు గానీ బటన్ల మీద మాటలు మనం మార్చలేం, విండోస్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తాయి. తెలుగు ప్రశ్న కింద ఇంగ్లీషు బటన్లు. అవి చదవలేని మనిషి కూర్చునే కౌంటర్‌లో "తీసెయ్", "వద్దు" అని బటన్లు కావాలంటే సొంతంగా చేసుకోక తప్పదు.

సింపుల్‌డైలాగ్: ఒక్క విలువ అడగడానికి

ఒకే ఒక పేరో అంకో కావాలంటే ఆస్క్‌స్ట్రింగ్, ఆస్క్‌ఇంటీజర్, ఆస్క్‌ఫ్లోట్ సరిపోతాయి. అంకె కాని దాన్ని అవే తిప్పికొడతాయి, కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని మిన్‌వాల్యూ, మాక్స్‌వాల్యూ ఇవ్వొచ్చు. తేమ శాతం అడిగితే 0 నుంచి 100 లోపే ఉండాలని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు.

జాగ్రత్త పడాల్సింది క్యాన్సిల్ దగ్గర. క్యాన్సిల్ నొక్కితే నన్ వస్తుంది. చాలామంది వచ్చిన విలువని ఇఫ్‌లో పడేసి "ఏమీ లేకపోతే వెనక్కి" అని రాస్తారు, అప్పుడు నిజంగా 0 కొట్టినా క్యాన్సిల్ కిందే పోతుంది. తరుగు సున్నా అని గుమస్తా కొడితే ప్రోగ్రాం పట్టించుకోలేదని ఫిర్యాదు వచ్చింది, చూస్తే ఇదే. ఈజ్ నన్ అని సూటిగా అడగండి. ఆస్క్‌స్ట్రింగ్‌లో కూడా ఖాళీగా ఓకే కొట్టడం వేరు, క్యాన్సిల్ వేరు, మొదటిది ఖాళీ స్ట్రింగ్, రెండోది నన్.

ఇంకోటి, వరసగా పిలవడం. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకుల కొలతలు రాసుకోవడానికి ఒక తమ్ముడు ప్రోగ్రాం చేశాడు, పొడవుకి ఒక పెట్టె, వెడల్పుకి ఒకటి, ఎత్తుకి ఒకటి, మూడు ఆస్క్‌ఫ్లోట్‌లు ఒకదాని తర్వాత ఒకటి. ఎత్తు దగ్గరికి వచ్చాక పొడవు తప్పు కొట్టానని గుర్తొస్తే వెనక్కి పోయే దారి లేదు, క్యాన్సిల్ కొట్టి మళ్లీ మొదటినుంచి. పైగా రెండో పెట్టెలో క్యాన్సిల్ కొడితే నన్‌ని అంకెతో గుణించబోయి ఎర్రర్. అది బగ్ సరిచేస్తే తీరేది కాదు. రెండు విలువలు కావాల్సి వచ్చిందంటే సింపుల్‌డైలాగ్ పని అక్కడితో ఆగిపోయినట్టే, మూడు గడులూ ఒకే విండోలో కనపడాలి. వాడికి కింద చెప్పే డైలాగ్ క్లాస్ చూపించాను, సాయంత్రానికి మార్చేశాడు.

ఫైల్ ఎంచుకోవడానికి మాత్రం సొంతంగా ఏదీ చెయ్యకండి, ఫైల్‌డైలాగ్ వాడండి. ఆస్క్‌ఓపెన్‌ఫైల్‌నేమ్ పేరు మాత్రమే ఇస్తుంది, ఫైల్ తెరవదు. ఆస్క్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమ్ కూడా పేరే ఇస్తుంది, ఏదీ సేవ్ చెయ్యదు, రాసే పని మనదే. క్యాన్సిల్ కొడితే ఖాళీగా వస్తుంది, ఇక్కడ మాత్రం ఇఫ్ నాట్ అని చూడటమే మంచిది.

డైలాగ్ క్లాస్, లేదా సొంత టాప్‌లెవెల్

రెండుమూడు గడులు, ఓకే, క్యాన్సిల్, ఇంతవరకే కావాలంటే సింపుల్‌డైలాగ్ మాడ్యూల్‌లోనే డైలాగ్ అనే క్లాస్ ఉంది, చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. దాన్నుంచి మన క్లాస్ చేసుకుని, బాడీలో గడులు పెట్టి, వ్యాలిడేట్‌లో చెకింగ్ రాసి, అప్లైలో విలువలు సెల్ఫ్ డాట్ రిజల్ట్‌లో దాచుకుంటే చాలు. ముందు ఉండటం, మెయిన్ విండోని ఆపడం, ఎస్కేప్ కొడితే మూయడం, ఎంటర్ కొడితే ఓకే, ఇవన్నీ అదే చేస్తుంది. క్యాన్సిల్ కొడితే రిజల్ట్ నన్‌గానే ఉంటుంది.

దీనిలో ఒకే ఒక గుంట ఉంది, అందరూ దానిలోనే పడతారు. "ఓకే నొక్కితే మూసుకోవడం లేదు అన్నా, క్యాన్సిల్ మాత్రం పనిచేస్తోంది" అంటే వ్యాలిడేట్ చివర రిటర్న్ ట్రూ రాయలేదని అర్థం. ఏమీ రిటర్న్ చెయ్యకపోతే నన్, అంటే తప్పు ఉందని లెక్క, అందుకే విండో వదలదు. అలాగే బాడీలో మొదట కర్సర్ ఏ గడిలో ఉండాలో ఆ గడిని రిటర్న్ చెయ్యండి, లేకపోతే మనిషి మౌసుతో వెతుక్కోవాలి. వ్యాలిడేట్‌లోంచి మెసేజ్‌బాక్స్ చూపిస్తే పేరెంట్‌గా సెల్ఫ్ ఇవ్వండి.

బటన్లు మన మాటల్లో కావాలన్నా, ఆ విండోలో బొమ్మ, పట్టిక లాంటివి కావాలన్నా టాప్‌లెవెల్‌తో (మెయిన్ విండో కాకుండా తెరిచే ఇంకో ఖాళీ విండో) మొత్తం మనమే కట్టుకోవాలి. స్వేచ్ఛ ఎక్కువ, దానితోపాటు రెడీమేడ్ డైలాగ్ గుట్టుగా చేసే పనులన్నీ మన నెత్తిన పడతాయి. లారీ కాటా మీద ఉండగా నా ప్రోగ్రాం ఆగిపోయింది కూడా ఇక్కడే. నేను గ్రాబ్_సెట్ రాశాను, ట్రాన్సియెంట్ రాయలేదు. గ్రాబ్_సెట్ అంటే క్లిక్కులు, కీలు అన్నీ ఈ చిన్న విండోకే రావాలని పట్టుకోవడం. ట్రాన్సియెంట్ అంటే ఈ విండో ఫలానా మెయిన్ విండోది, ఎప్పుడూ దాని మీదే ఉండాలని చెప్పడం. మొదటిది ఉండి రెండోది లేకపోతే మా బావ చూసిందే చూస్తారు. ఆ ఒక్క లైను ట్రాన్సియెంట్, బ్రాకెట్లో మెయిన్ విండో పేరు.

నేను ఇప్పుడు రాసే వరస ఇది: టాప్‌లెవెల్ చేసి, ట్రాన్సియెంట్ చెప్పి, గడులు బటన్లు పెట్టి, వెయిట్_విజిబిలిటీ పిలిచి, గ్రాబ్_సెట్ చేసి, మొదటి గడికి ఫోకస్_సెట్ ఇచ్చి, చివర వెయిట్_విండో. విండో తెర మీదికి రాకముందే గ్రాబ్ చేస్తే, ముఖ్యంగా లినక్సులో, విండో కనపడటం లేదు కాబట్టి గ్రాబ్ కుదరలేదని ఎర్రర్ వస్తుంది, వెయిట్_విజిబిలిటీ అందుకే. ఇక వెయిట్_విండో లేకపోతే ఏమవుతుందంటే, డైలాగ్ తెరుచుకున్న మరుక్షణమే కింది లైను నడిచిపోతుంది, ఇంకా ఎవరూ ఏమీ కొట్టలేదు కాబట్టి విలువ ఎప్పుడూ ఖాళీ. "డైలాగ్‌లో కొట్టింది మెయిన్ విండోకి రావడం లేదు" అనే ప్రశ్న సగం ఇదే.

మిగతా సగం, చిన్న విండో కోసం టాప్‌లెవెల్ బదులు ఇంకో టీకే పిలవడం. అది రెండో విండో కాదు, రెండో ప్రోగ్రాం లాంటిది, దాని వేరియబుల్స్ వేరు. స్ట్రింగ్‌వార్‌కి (గడిలో కొట్టింది పట్టుకునే వేరియబుల్) ఎవరు సొంతదారో చెప్పకపోతే అది మొదటి టీకేకి అంటుకుంటుంది, మీరు రెండోదానిలో ఏం టైపు చేసినా గెట్ అంటే ఖాళీ వస్తుంది. ఒక ప్రోగ్రాంలో టీకే ఒక్కటే, మెయిన్‌లూప్ ఒక్కటే. మిగతా విండోలన్నీ టాప్‌లెవెల్‌లే.

విలువ ముందు తీసుకుని తర్వాత డిస్ట్రాయ్ చెయ్యాలి. తిరగేసి రాస్తే, మూసేసిన విండోలోని గడిని అడుగుతున్నట్టు, ఇన్‌వాలిడ్ కమాండ్ నేమ్ అని ఎర్రర్ వస్తుంది. పైన ఉన్న ఇంటూ గుర్తుతో మూస్తే మన క్యాన్సిల్ ఫంక్షన్ నడవదు, ప్రోటోకాల్ అనే పద్ధతిలో డబ్ల్యూఎం_డిలీట్_విండోకి ఆ ఫంక్షన్ తగిలించాలి. బొమ్మ పెట్టాల్సిన చోట ఖాళీగా కనపడితే ఫొటోఇమేజ్‌ని ఫంక్షన్ లోపలి వేరియబుల్‌లోనే వదిలేశారని అర్థం, ఫంక్షన్ అయిపోగానే పైథాన్ దాన్ని తుడిచేస్తుంది, విండోకి ఒక పేరుగా తగిలించి నిలబెట్టుకోండి.

క్యూటీకి ఎప్పుడు మారాలి

డైలాగ్‌లు పదికి మించితే, పట్టికలు, ప్రింటింగ్ కావాలంటే క్యూటీ అనే ఇంకో విండోల లైబ్రరీ మేలు, పైథాన్‌లో దాన్ని పైసైడ్6 లేదా పైక్యూటీ6 ద్వారా వాడతాం. విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, పాత కంప్యూటర్‌కి ప్యాక్ చేసి ఇస్తే ఫైలు చాలా బరువవుతుంది. పైక్యూటీ జీపీఎల్ (ప్రోగ్రాం ఇస్తే దాని కోడ్ కూడా ఇవ్వాలనే ఉచిత లైసెన్సు) కింద లేదా డబ్బు కట్టే లైసెన్సు కింద వస్తుంది, పైసైడ్ అంతకంటే సడలింపున్న ఎల్‌జీపీఎల్ కింద కూడా వస్తుంది, కాబట్టి ఎవరికైనా అమ్మే ప్రోగ్రాం అయితే పైసైడ్ వైపే నేను మొగ్గుతాను. మనకి ఇంకో పెద్ద కారణం తెలుగు. విండోస్‌లో టికింటర్ తెలుగుని సరిగానే చూపిస్తుంది గానీ లినక్సులో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనపడతాయి, క్యూటీ రెండుచోట్లా సరిగ్గా కలిపి చూపిస్తుంది. లినక్సు మీద తెలుగు డైలాగ్ అంటే ఇక ఆలోచించక్కర్లేదు.

ఇక్కడ తప్పులు వేరే రకం. విండో ఒక్క క్షణం మెరిసి మాయమైతే, ఫంక్షన్ లోపలి వేరియబుల్‌లో డైలాగ్ చేసి షో పిలిచారు, ఫంక్షన్ అయిపోగానే అదీ పోయింది. సెల్ఫ్‌కి తగిలించుకోండి. షో అంటే చూపించి ముందుకు పోవడం. ఎగ్జెక్ అంటే జవాబు వచ్చేదాకా అక్కడే ఆగడం. ఓపెన్ అంటే పేరెంట్ విండోని మాత్రం ఆపి, కోడ్‌ని ఆపకుండా, జవాబు ఫినిష్డ్ సిగ్నల్‌తో తెలపడం. కొత్తవాళ్లకి ఎగ్జెక్ తేలిక, నేనూ అదే చెప్తాను. పాత పాఠాల్లో ఎగ్జెక్ పేరు చివర అండర్‌స్కోర్ ఉంటుంది, పైక్యూటీ6లో అది లేదు, ఎర్రర్ వస్తే అది తీసెయ్యండి. యెస్ బటన్ పేరు కూడా పైక్యూటీ6లో స్టాండర్డ్‌బటన్ డాట్ యెస్ అని పూర్తిగా రాయాలి.

గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్ ఒక్క పేరు ఇవ్వదు, పేరు, ఫిల్టర్ రెండూ కలిపి ఇస్తుంది. క్యాన్సిల్ కొట్టినా ఆ జత ఖాళీ కాదు కాబట్టి ఇఫ్‌లో నిజమవుతుంది. రెండు వేరియబుల్స్‌లోకి విడదీసుకుని మొదటిది చూడండి. ఇంకా, క్యూడైలాగ్‌లో పెట్టిన పుష్‌బటన్లకి ఆటోడిఫాల్ట్ తనంతట అదే ఆన్ అయి ఉంటుంది, గడిలో ఎంటర్ కొడితే ఏదో ఒక బటన్ నొక్కుకుంటుంది. బరువు కొట్టి ఎంటర్ నొక్కే అలవాటున్న కాటా దగ్గర ఇది పెద్ద గొడవ, అక్కర్లేని బటన్లకి సెట్‌ఆటోడిఫాల్ట్ ఫాల్స్ ఇవ్వండి.

జావాలో విండోలు చేసే స్వింగ్ వాడేవాళ్లకి, ఒంగోలు వైపు కాలేజీ పిల్లలు ఎక్కువగా దీనిమీదే అడుగుతారు, జేఆప్షన్‌పేన్ కన్ఫర్మ్ డైలాగ్ అంకె ఇస్తుంది: యెస్‌కి 0, నోకి 1, క్యాన్సిల్‌కి 2, ఇంటూ కొడితే మైనస్ 1. అంకెలతో కాకుండా యెస్_ఆప్షన్ అనే పేరుతోనే పోల్చండి. ఇన్‌పుట్ డైలాగ్ ఇచ్చేది స్ట్రింగ్, క్యాన్సిల్ కొడితే నల్, దాన్ని సూటిగా ఇంటీజర్‌గా మారిస్తే ప్రోగ్రాం ఎక్సెప్షన్ విసురుతుంది. బ్రౌజర్‌లో చేస్తే డైలాగ్ అనే ట్యాగే ఉంది, 2022 మార్చి నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ పనిచేస్తోంది. షో కాకుండా షోమోడల్ పిలిస్తేనే వెనక పేజీ ఆగుతుంది.

బిగుసుకుపోతే ఎలా పట్టుకోవాలి

"హ్యాంగ్ అయింది" అని ఫోను వస్తే అది రెండింటిలో ఏదో ముందు తేల్చుకోండి. విండో తెల్లబడి, పైన నాట్ రెస్పాండింగ్ అని వస్తే, ఏదో పెద్ద పని ఈవెంట్ లూప్‌ని (క్లిక్కులు, కీలు అందుకుంటూ తిరిగే మెయిన్‌లూప్) ఆపేసింది. స్లీప్ పెట్టారా, పెద్ద ఫైలు చదువుతున్నారా, కాటా నుంచి సీరియల్ పోర్టులో బరువు వచ్చేదాకా కాచుకుని ఉన్నారా చూడండి. విండో మామూలుగా కదులుతూ, తిరిగి గీసుకుంటూ, క్లిక్కులు మాత్రం తీసుకోకపోతే ఎక్కడో డైలాగ్ దాక్కుని ఉంది, ఆల్ట్ ట్యాబ్.

పెద్ద పనిని వేరే త్రెడ్‌లో (ప్రోగ్రాంలోనే పక్కన విడిగా నడిచే పని) పెడితే మొదటిది తీరుతుంది, కానీ ఆ త్రెడ్‌లోంచి మాత్రం డైలాగ్ తెరవకండి. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి మొత్తం ఆగిపోతుంది, మన టేబుల్ మీద బాగా ఉండి కొట్లోకి వెళ్లాక చెడుతుంది. త్రెడ్ తన సంగతి ఒక క్యూలో, అంటే వరసలో, వేసి ఊరుకోవాలి, మెయిన్ విండో ఆఫ్టర్‌తో 100 మిల్లీసెకన్లకొకసారి ఆ క్యూ చూసి తనే డైలాగ్ తెరవాలి. క్యూటీలో అయితే సిగ్నల్ పంపితే చాలు.

ఇంకా ముందు చెయ్యాల్సింది, ఎర్రర్ కనపడేలా చూసుకోవడం. ఎర్రర్లు చూపించే నల్ల విండో రాకుండా ప్యాక్ చేసి ఇచ్చాక టికింటర్‌లో బటన్ వెనక ఎర్రర్ వస్తే ఎవరికీ కనపడదు, బటన్ పనిచెయ్యడం లేదని మాత్రమే తెలుస్తుంది. మెయిన్ విండోకి రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్ అనే చోట మన ఫంక్షన్ పెట్టి, ఎర్రర్‌ని టైముతో సహా ఒక ఫైలులో రాయించండి. మా బావకి ఇప్పుడు ఆ ఫైలు వాట్సాప్‌లో పంపమంటే చాలు, ఫోనులో అరగంట మాట్లాడే పని తప్పింది.

ఇవ్వబోయే ముందు ప్రతి డైలాగ్‌నీ నేను ఇలా తిప్పి చూస్తాను: తెరిచి వెంటనే ఎంటర్, తెరిచి ఎస్కేప్, తెరిచి ఇంటూ, ఖాళీగా ఓకే, సున్నా కొట్టి ఓకే, బటన్‌ని గబగబా రెండుసార్లు నొక్కడం, తెరిచి వేరే ప్రోగ్రాంలోకి వెళ్లి టాస్క్‌బార్‌లోంచి తిరిగి రావడం. ఈ చివరిది గుమస్తా దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ ప్రోగ్రాంలో మిగిలినవి రెండే డైలాగ్‌లు, చీటీ తీసెయ్యడానికి తెలుగు బటన్లతో ఒక టాప్‌లెవెల్, ఫైలు దాచుకోవడానికి ఒక ఫైల్‌డైలాగ్. తేమ 17 దాటితే గడి ఎర్రబడుతుంది, పక్కన తరుగు గడిలోకి కర్సర్ తనే వెళ్తుంది.